గోడకు మూరెడు దూరంలో

పరీక్ష జరగాల్సిన రోజు తెల్లవారేసరికి, ఇంజనీరు పడుకున్న గది గోడకు మూరెడు దూరంలో ట్రక్కు ముక్కు పెట్టి నిలబడి ఉంది. దాన్ని అక్కడికి తెచ్చినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ముందుగా చూసింది పిడుగు. అసలు పేరు అది కాదు. చిన్నప్పుడు ఎక్కడుందో చూసేలోపు ఇంకెక్కడో ఉండేదని మావయ్య అలా పిలవడం మొదలుపెట్టాడు. ఎదిగి, పట్నంలో సరుకుల వ్యాను నడిపి నాలుగు రాళ్ళు సంపాదిస్తున్నా ఆ పేరే అంటుకుపోయింది. పళ్ళు తోముకుంటూ బయటికొచ్చిన పిడుగు అలవాటుగా ఆవరణ పైచివర, డీజిలు కొట్టు పక్కకు చూసింది. సాయంత్రం తను ట్రక్కు నిలిపిన చోటు ఖాళీ. చూపు వాలు వెంట కిందికి జారి అతిథి గది గోడ దగ్గర ఆగింది. బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది.

ఆవరణంతా ఒకటే వాలు. పైన డీజిలు కొట్టు, మధ్యలో జనరేటరు షెడ్డు, దాని పక్కన వంటగది, అట్టడుగున నేల చదునైన చోట అతిథి గది. రాత్రంతా తుంపర పడింది. తడిసిన కంకర మీద చక్రాల జాడలు రెండు, గీత గీసినట్టు, షెడ్డునూ వంటగదినీ తప్పించుకుని కిందిదాకా వచ్చాయి. కాస్త పక్కకు తిరిగి ఉంటే జనరేటరు తుక్కయ్యేది. ఇంకాస్త ముందుకు వచ్చి ఉంటే ఇంజనీరు మంచం మీదే ఉండేది.

ఆ ఇంజనీరు సరిగ్గా అప్పుడే గాలి కోసం కిటికీ తలుపు తోశాడు. తలుపు దేనికో తగిలి ఆగింది. సందులోంచి తొంగి చూస్తే పళ్ళెమంత హెడ్‌లైటు ఒకటి ఆయన కళ్ళలోకి చూస్తోంది. ఆయన అరవలేదు. మెల్లిగా తలుపు మూసి, చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, అప్పుడు బయటికొచ్చాడు. మనిషి భయపడ్డాడని చెప్పడానికి చొక్కా తిరగేసి తొడుక్కున్న సంగతి ఒక్కటే సాక్ష్యం.

నిన్న ఎవరు నిలిపారని ఆయన అడిగాడు. నేనేనని పిడుగు చెప్పింది.

"నిలపడం రానివాళ్ళకి నడపడం దేనికమ్మా," అన్నాడాయన.

ఆ ఒక్క మాటతో పిడుగు కాళ్ళ కింద నేల కదిలింది.

ఆ కొండ కొసన సిగ్నలు టవరు ఒకటి ఉంది. అక్కడ ఇద్దరు కాపలా మనుషులు, ఒక గది నిండా బ్యాటరీలు. వాళ్ళకు తిండీ, నీళ్ళూ, డీజిలూ, బ్యాటరీలూ ఏవి కావాలన్నా కింది ఆవరణ నుంచి ఈ ట్రక్కే మోసుకెళ్ళాలి. దారి సగం దాకా ఎర్రమట్టి, ఆ పైన నున్నబండ. నున్నబండ అంటే కొండ పక్కటెముక బయటపడ్డట్టున్న ఒకే ఒక్క రాయి. పగులు ఒకటి తప్పితే గడ్డిపోచకు కూడా పట్టు దొరకదు. కొత్త బండ్లు రెండు మూడు వచ్చి, దాని మొదట్లోనే చక్రాలు గిరగిరా తిప్పుకుని, పొగ వదిలి వెనక్కి పోయాయి. ఆ బండను ఎక్కేది ఈ ముసలి ట్రక్కు ఒక్కటే. దాన్ని ఎక్కించగలిగింది మావయ్య ఒక్కడే.

ఆ మావయ్య మోకాలు ఇప్పుడు క్లచ్చి తొక్కనంటోంది. ఆయన దిగిపోతే నడిపే మనిషి లేడు గనుక ట్రక్కును తుక్కు కింద అమ్మేసి, కొండకు అవతలి పక్క నుంచి ట్రాక్టరు మాట్లాడుకుందామని ఆఫీసు పైవాళ్ళ ఆలోచన. మావయ్య కాళ్ళావేళ్ళా పడి ఒక్క అవకాశం అడిగాడు. చెల్లెలి కూతురు ఉంది, నేర్పుతాను, మీరే వచ్చి చూడండి అన్నాడు. అలా చూడటానికి వచ్చినవాడే ఈ ఇంజనీరు. నున్నబండ ఎక్కిస్తే పిడుగుకు ఉద్యోగం, ట్రక్కుకు బతుకు. లేకపోతే రెండూ లేవు.

పిడుగుకు అది ఉద్యోగం ఒక్కటే కాదు. చిన్నప్పుడు సెలవులకు ఇక్కడికొచ్చినప్పుడల్లా వంటగది గుమ్మంలో కూర్చుని, ట్రక్కు ఆ రాయి మీద పాకుతూ ఆకాశంలోకి పోవడం చూసేది. చేతిలో ముద్ద చేతిలోనే ఎండిపోయేది. అత్తయ్య వచ్చి పక్కన నిలబడి తనూ చూసేది. అన్నం తినవే అని తిట్టడం మాత్రం ట్రక్కు కనుమరుగయ్యాకే.

నేర్చుకోవడం మొదలుపెట్టాక గానీ పిడుగుకు తెలియలేదు, వ్యాను నడపడం వేరు, దీన్ని నడపడం వేరని. పెద్ద గేరు పక్కన చిన్న లివరు ఒకటి ఉంటుంది, అరిగిపోయిన గుండ్రటి తలతో. దానికి నాలుగు స్థానాలు. పైన ఉంటే ఇంజను బలం వెనక చక్రాలకే. ఒక మెట్టు కిందికి లాగితే నాలుగింటికీ. అట్టడుగున నాలుగింటికీ, కానీ నిదానంగా, బలమంతా కూడదీసుకుని. ఆ రెంటికీ మధ్య ఒక ఖాళీ చోటు ఉంది. అక్కడ ఆగితే ఇంజను బలం ఏ చక్రానికీ అందదు. అది ఆగే చోటు కాదు, దాటే చోటు అని మావయ్య చెప్పాడు.

లివరు ఒక్కటే లాగితే చాలదు. ముందు చక్రాల మధ్యలో హబ్బులు ఉంటాయి. కిందికి దిగి, వాటిని చేత్తో తిప్పి బిగించాలి. అప్పుడు గానీ ముందు చక్రాలు బండితో చేయి కలపవు. మొదటి వారం పిడుగు ఒక పక్క బిగించి రెండో పక్క మరిచిపోయింది. మట్టి వాలులో ట్రక్కు ఎంత రొదపెట్టినా అంగుళం కదల్లేదు. మావయ్య తప్పేమిటో చెప్పకుండా చెట్టు కింద కూర్చుని పొగాకు నలుపుకుంటూ, ఒక కాలికి చెప్పు వేసుకుని పెళ్ళికి బయలుదేరినట్టుంది అన్నాడు. ఇంకోసారి నాలుగు చక్రాల గేరులోనే సిమెంటు నేల మీద గిర్రున తిప్పబోతే, బండి నడుం పట్టేసినట్టు మూలిగి బిగుసుకుపోయింది. లివరు వెనక్కి రానంది. గట్టినేల మీద ముందు వెనక చక్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయని, నాలుగడుగులు వెనక్కి పోనిస్తే ఆ పీటముడి దానంతట అదే విడిపోతుందని మావయ్య చూపించాడు. విడిపోయింది. పిడుగు నోరు తెరుచుకుని చూసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావయ్య ఈ రెండు కథలూ అత్తయ్యకు చెప్పి పడీ పడీ నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. హబ్బు కుడివైపుకు తిప్పాలా ఎడమవైపుకా అని అడిగింది. నీకెందుకే, కూర వడ్డించు అన్నాడాయన.

ఇప్పుడు ఆ కథలన్నీ ముగిసిపోయేట్టున్నాయి.

ఇంజనీరు ముఖం కడుక్కోవడానికి వెళ్ళగానే పిడుగు ట్రక్కు ఎక్కి చూసింది. పెద్ద గేరు తను వేసినట్టే వెనక గేరులో ఉంది. పల్లం వైపు ముక్కు పెట్టి నిలిపితే వెనక గేరు వేయాలి, అదే బండిని పట్టి ఉంచుతుందని మావయ్య మొదటి రోజే నేర్పాడు. ఈ బండికి హ్యాండ్ బ్రేకు ఎప్పుడో పేరుకు మాత్రమే మిగిలింది. చక్రం కింద రాయి పెట్టమని టవరు మనుషులు ఎంత చెప్పినా మావయ్య వినేవాడు కాదు. గేరే నా రాయి, నమ్మకం లేనివాడు రాళ్ళు మోసుకుంటాడు అనేవాడు. ఆయన శిష్యురాలు గనుక పిడుగు కూడా పెట్టలేదు.

మరి గేరు పడే ఉన్నా బండి ఎలా కదిలింది? పిడుగు కళ్ళు చిన్న లివరు మీద పడ్డాయి. అది పైన లేదు. మధ్యలో, దాటాల్సిన ఆ ఖాళీ చోట ఆగి ఉంది. పెద్ద గేరు ఏది పడితేనేం, దానికీ చక్రాలకూ సంబంధమే తెగిపోయింది.

తనే మరిచిపోయిందా? నిన్న సాయంత్రం లివరు పైకి తోసినప్పుడు ఠక్కుమన్న చప్పుడు ఇంకా అరచేతిలో ఉంది. హబ్బులు రెండూ వదులు చేసిన సంగతీ గుర్తుంది, ఎందుకంటే ఎడమది బిగుసుకుపోయి చేయి నొప్పెట్టింది.

దిగి హబ్బులు చూసింది. రెండూ బిగించి ఉన్నాయి. ఎడమదాని మీద కొత్తగా తెల్లటి గీత, ఏదో ఇనుముతో తిప్పినట్టు. ఇంకొంచెం వంగి చూస్తే, గోడకు ముందు బారెడు మేర కంకర లేచిపోయి చక్రాలు ఈడ్చుకున్న జాడ ఉంది.

పిడుగు బుర్ర చకచకా పనిచేసింది. దొర్లే చక్రం కంకరను నొక్కుతుంది. ఈడ్చదు. ఈడ్చిందంటే ఎవరో బ్రేకు తొక్కారు. అంటే బండి దొర్లుతున్నప్పుడు లోపల మనిషి ఉన్నాడు. ఆ మనిషి దొంగ కాదు, ఊరికే కెలికినవాడూ కాదు. ముందు హబ్బులు, తర్వాత లివరు. వరస తప్పకుండా చేసుకొచ్చాడు. పై నుంచి అట్టడుగుకు లాగబోతే మధ్యలో ఆగిపోయింది. ఈ వరస తెలిసినవాళ్ళు ఆవరణలో ఇద్దరే. ఒకరు తను.

తల ఎత్తేసరికి మావయ్య అవతలి చక్రం దగ్గర వంగి, అదే హబ్బును చూస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలుసుకున్నాయి. ఆయన కళ్ళలో కోపం లేదు. అంతకన్నా అన్యాయమైనది, జాలి ఉంది.

"తెల్లారకముందే సాధన చేద్దామనుకున్నావా పిల్లా? నన్ను లేపితే వచ్చేవాణ్ణిగా."

పిడుగుకు తల కొట్టేసినట్టయింది. నేను కాదు మావయ్యా అంది. మరి నేనా అన్నట్టు ఆయన చూశాడు. ఆ క్షణంలో పిడుగు మనసులోకి ఒక పాడు ఆలోచన పాములా దూరింది. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టుకున్న చెయ్యి. వదలాలంటే ఎవరికి మనసొప్పుతుంది? అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ఆలోచన పోలేదు.

ఇద్దరూ వంటగది అరుగు మీద కూర్చున్నారు. అత్తయ్య టీ తెచ్చి ఇచ్చింది. ఒక గుక్క తాగి మావయ్య మొహం చిట్లించాడు. పాలు అడుగంటాయి. పెళ్ళయిన నాటి నుంచి ఈమె చేతిలో పాలు అడుగంటడం ఇదే మొదలు, ఇవాళ అన్నీ తలకిందులే అని గొణిగాడు. ఆ మాటకు అత్తయ్య ఇంతెత్తున లేవాలి. లేవలేదు. గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

పైనుంచి ఫోను రావడంతో కథ కదిలింది. టవరులో బ్యాటరీలు చివరికొచ్చాయి, డీజిలు అడుగంటింది, మధ్యాహ్నానికి సిగ్నలు పోతుంది. ఇంజనీరు గడియారం చూసుకుని, మావయ్య మోకాలు చూసి, చివరికి పిడుగును చూశాడు. ఇది పరీక్ష కాదు, సరుకు చేర్చడం మాత్రమే. నేనూ పైకి పోవాలి గనుక నీ పక్కన కూర్చుంటాను, అని తేల్చి చెప్పాడు. కాగితం మీద ఏం రాయాలో పైన తేల్చుకుంటానన్నాడు.

బ్యాటరీలు, డీజిలు పీపాలు వెనక ఎక్కించి తాళ్ళు బిగించారు. ఇంతలో అత్తయ్య భోజనం క్యారియర్లు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి, ముందు తలుపు తీసి, మధ్య సీట్లో కూర్చుంది. మావయ్య నిర్ఘాంతపోయాడు. ఆమె ఇన్నేళ్ళలో ఆ బండి ఎక్కింది లేదు. మూతలు వదులయ్యాయి, వెనక పెడితే ఒలుకుతాయి అందామె, ఆయన వైపు చూడకుండా. అలా ముగ్గురూ కూర్చున్నారు: స్టీరింగు దగ్గర పిడుగు, చిన్న లివరుకు మోకాలు ఆనించి అత్తయ్య, కిటికీ పక్కన ఇంజనీరు. మావయ్య వెనక పీపాల మధ్య ఎక్కాడు.

ఎర్రమట్టి దారి బాగానే గడిచింది. నాలుగు చక్రాలూ బురదను నమిలి వెనక్కి ఉమ్మేశాయి. మలుపు తిరగగానే నున్నబండ ఎదురైంది.

తడిసిన బండ నల్లగా మెరుస్తోంది. కింద నుంచి చూస్తే అది దారిలా లేదు. కొండ నిలబడి తలుపు వేసుకున్నట్టుంది. పిడుగు బండి ఆపింది. మావయ్య దిగి, చేతికర్ర ఊనుకుంటూ ఆ రాతి మీదికి నడిచి, తిరిగి నిలబడ్డాడు. నున్నబండ మీద ఒకరు ముందు నడిచి దారి చూపాలి. బానెట్టు అడ్డమొచ్చి డ్రైవరుకు రాయి కనబడదు. ఆయన చెయ్యే కళ్ళు.

పిడుగు బ్రేకు తొక్కి, క్లచ్చి తొక్కి, చిన్న లివరును అట్టడుగుకు లాగింది. లివరు సగం దూరం వచ్చి మొరాయించింది. మళ్ళీ లాగింది. గరగరమంది గానీ పడలేదు. చెమట కనుబొమల మీదికి దిగింది. ఇంజనీరు దగ్గాడు.

"గేరు పళ్ళు కలవలేదు," అంది అత్తయ్య పెదవి కదలనట్టుగా. "రవ్వంత వెనక్కి కదిలించి లాగు."

పిడుగు చెయ్యి లివరు మీదే ఆగిపోయింది. బ్రేకు కాస్త వదిలి, బండిని జానెడు వెనక్కి జారనిచ్చి, లాగింది. మెత్తగా, వెన్నలో చెంచా దిగినట్టు దిగింది. పక్కకు చూస్తే అత్తయ్య నిటారుగా, అద్దంలోంచి నేరుగా ముందుకు చూస్తోంది. ఆమె చీర కొంగు నుంచి మాడిన పాల వాసన వస్తోంది. క్యారియరు పట్టుకున్న వేళ్ళ కణుపుల మీద నల్లగా గ్రీజు.

పిడుగుకు అంతా ఒక్కసారి అర్థమైంది. కానీ మాట్లాడే వేళ కాదది. ఎదురుగా మావయ్య చెయ్యి పైకి లేచింది.

మొదటి గేరు. క్లచ్చి వదిలింది. ట్రక్కు ముందు చక్రాలు రాతి మీదికెక్కాయి, వెనకవి కూడా. అద్దం నిండా ఆకాశమే. బానెట్టు మీద మావయ్య తలా, చెయ్యీ తప్ప లోకం లేదు. పిడుగు కాలు యాక్సిలరేటరు వెతుక్కుంది. మావయ్య అరచెయ్యి వద్దన్నట్టు కిందికి ఊగింది. నిన్నటి దాకా పొడి రాతి మీద ఆయన చెప్పినది ఇదే, ఒంటికి పట్టనిది ఇదే: కాళ్ళు రెండూ తీసి కింద పెట్టు, బండిని నడవనియ్.

తడి రాయి మీద, వెనక అంత బరువుతో, పిడుగు రెండు కాళ్ళూ తీసేసింది.

ట్రక్కు ఆగలేదు. జారలేదు. ఎవరూ తొక్కకుండానే, ఇంజను పడుకున్న జంతువు గుండెలా నింపాదిగా కొట్టుకుంటుంటే, అది ఎక్కుతోంది. చీమ నడిచినంత నిదానం. పిడుగు వేళ్ళకు నాలుగు చక్రాలూ విడివిడిగా తెలుస్తున్నాయి. ఒకటి నీటి పొర మీద తడబడితే మిగతావి ఆగి, సర్దుకుని, దాన్ని కూడదీసుకుని వెళుతున్నాయి. ఎవరికీ తొందర లేదు. కొండకు లేదు, బండికి లేదు. ఇన్ని మణుగుల ఇనుము ఇంత నిశ్శబ్దంగా నిలువు రాతి మీద నడవగలదా? నడుస్తోంది. పిడుగు దాన్ని నడపడం లేదు, దాని వీపు మీద కూర్చుని ఉంది, అంతే.

పగులు దగ్గర ముందు చక్రం ఒకటి గాలిలోకి లేచింది. అది ఖాళీగా గిర్రున తిరిగింది. ఇంజనీరు పైనున్న కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. వెనక చక్రాలు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, తోశాయి. బండి మూలిగింది, ఒరిగింది, పగులు దాటింది. ఎడమవైపు అద్దంలో కింది ఆవరణ అగ్గిపెట్టెల్లా కనిపిస్తోంది. వంటగది పొగ సన్నటి దారంలా లేస్తోంది. ఇన్నేళ్ళు కింది నుంచి పైకి చూసినది, ఇప్పుడు పై నుంచి కిందికి. అత్తయ్య కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఆమె తుడుచుకోలేదు; రెండు చేతుల్లోనూ క్యారియర్లు.

పైన చదును నేల మీద ట్రక్కు ఆగింది. పిడుగు ఇంజను ఆపి, వెనక గేరు వేసి, చిన్న లివరు పైకి తోసి ఠక్కుమనే చప్పుడు చెవులారా విని, దిగింది. దిగేసరికి మావయ్య కుంటుకుంటూ ఎక్కడి నుంచో బండరాయి ఒకటి దొర్లించుకొచ్చి, ఎవరి వైపూ చూడకుండా చక్రం కింద పెడుతున్నాడు.

కాపలా మనుషులు బ్యాటరీలు దించుకుంటుంటే ఇంజనీరు ముందు చక్రం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. టైరు మీద చెయ్యి వేసి చూశాడు. వేడిగా కూడా లేదు. ఇలాంటి బండ్ల కొనుగోళ్ళ మీద ఎన్ని సంతకాలు పెట్టానో, ఇవి ఏం చేస్తాయో ఇవాళే చూశాను, అన్నాడు మెల్లిగా, తనలో తను అన్నట్టు. ఆ తర్వాత కలం తీశాడు. ఆయన గొంతు మళ్ళీ ఆఫీసుదైంది.

నడపడం చూశాను, ఇంకో మాట లేదు. కానీ పొద్దున నా గది ముందు నిలబడ్డ బండికి జవాబు కావాలి. రాత్రి నిలిపిన మనిషే వదిలేసిందని తేలితే మాత్రం నేను సంతకం పెట్టను, రేపు అది ఎవరి మీదికి పోతుందో ఎవరికి తెలుసు, అన్నాడు. చొక్కా ఇంకా తిరగేసే ఉంది. ఎవరూ చెప్పే ధైర్యం చేయలేదు.

పిడుగు అత్తయ్య వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడింది. అత్తయ్య వంటగది కాంట్రాక్టు ఇంజనీరు చేతిలోనే ఉంది. ఒక్క మాట చెబితే తన ఉద్యోగం తనకొస్తుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. గుమ్మంలో తన పక్కన నిలబడి, ట్రక్కు కనుమరుగయ్యే దాకా చూసి, అప్పుడు తిట్టే ఆ మనిషి మీద అది ఎలా చెబుతుంది?

"నిలిపింది నేనే సార్," అంది పిడుగు. "బాధ్యత నాదే."

"అది కాదు సార్," అన్నాడు మావయ్య వెంటనే. "పొద్దున్నే నేనే ఎక్కి కదిపాను. వయసు మీదపడింది, చెయ్యి తప్పింది."

పిడుగు ఆయన వైపు తిరిగింది. పొద్దున్నుంచి మనసులో పడుకున్న పాము చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. ఇంజనీరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఒక్క బండిని ఇద్దరెలా వదిలేస్తారని అడిగి, కలం మూత పెట్టబోయాడు.

అత్తయ్య క్యారియర్లు రెండూ రాతి మీద జాగ్రత్తగా దించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. గ్రీజు పోలేదు. ఆ చేతులనే ఆయన ముందు చాపింది.

"వీళ్ళిద్దరికీ అబద్ధం ఆడటం చేతకాదు సార్. కదిపింది నేను. పెళ్ళయిన కాడి నుంచి మా ఆయన అన్నం ముందు కూర్చుని చెప్పేది ఈ బండి సంగతే. దిగి హబ్బులు బిగించాలి, ఎక్కి బ్రేకు తొక్కాలి, చిన్న లివరు కిందికి లాగాలి, పళ్ళు కలవకపోతే కాస్త కదిలించి లాగాలి. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఒక్కసారి కూర్చోనియ్యి అంటే నీ కాలు అందదే అనేవాడు. నిజమే కాబోలు అనుకున్నా. తర్వాత ఇది వచ్చింది, నాకంటే జానెడు పొట్టిది. దీని కాలు అందింది. అది చూశాక ఇంక నా మనసు ఆగలేదు సార్. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి వెళ్ళాను. కుడి హబ్బు తిరిగింది. ఎడమది రాకపోతే పట్టకారుతో తిప్పాను, గీత పడింది, పోయి చూసుకోండి. సీటు అంచున కూర్చుంటే నా కాలు కూడా అందింది. అందింది సార్. బ్రేకు తొక్కి లివరు లాగాను. సగంలో ఆగింది. ఇంజను లేకుండా కదిలించడం ఎట్లాగో ఈయన ఎప్పుడూ చెప్పలేదు. ఇంతలో పాలు గుర్తొచ్చాయి. కాలు తీసేశాను. చప్పుడు లేదు సార్. బండి కదిలిందని నాకు తెలియలేదు, కొట్టు వెనక్కి పోతోందేంటా అనుకున్నా. షెడ్డు పోయింది. నా వంటగది నా పక్క నుంచి పోయింది, కిటికీలోంచి నా పొయ్యి నాకే కనబడింది. భయం వేయలేదు సార్, అదే నా తప్పు. అంత పెద్దది, నన్ను మోసుకుని, అంత మెత్తగా పోతుంటే అట్లాగే చూస్తూ కూర్చున్నా. మీ కిటికీ కనబడ్డాక తెలివొచ్చింది. రెండు కాళ్ళూ ఎత్తి బ్రేకు మీద నిలబడ్డాను. ఆగింది. నా కాళ్ళ కింద అంత బండీ ఆగింది. అప్పుడు భయమేసి పరిగెత్తాను, పాలు మాడిపోయాయి, నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం దీని నోటికాడి కూడు తీస్తుందని తెలిసీ ఇందాకటి దాకా మూసుకునే ఉన్నాను. ఇప్పుడు దీనితో పాటు ఆ రాయి ఎక్కి వచ్చాక ఇంక నా వల్ల కాదు. నా పేరు రాసుకోండి సార్, కదిపింది నేనేనని. కానీ ఆపింది కూడా నేనేనని దాని పక్కనే రాయండి."